చప్పిడి కూడు

...అయినా అది తన చెయ్యేనని వీళ్ళంతా ఎందుకంత గట్టిగా చెబుతారో గురవమ్మకు అర్థం కాదు. చెయ్యంటే చెప్పిన మాట వినేది. ఇది వినదు. దుప్పటి మీద, కుడి పక్కన, పుట్టగానే చచ్చిన గొర్రెపిల్లను ఎవరో తెచ్చి పడుకోబెట్టినట్టు పడి ఉంది. మొదటిసారి మెలకువ వచ్చినప్పుడు ఎడమ చేత్తో దాన్ని తడిమింది. చల్లగా, బరువుగా ఉంది. ఇదెవరిది, ఇక్కడెందుకు పెట్టారు, తీసి అవతల వెయ్యండి అని కేక పెట్టబోయింది. నోట్లోంచి వచ్చింది "అదో" అన్న మాట ఒక్కటే.

అప్పటి నుంచీ అదొక్కటే వస్తోంది. లోపల మాటలన్నీ ఉన్నాయి. పొద్దున దొడ్డి తడిక తీసేముందు గొర్రెలు ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ ఎట్లా నిలబడతాయో అట్లా నిలబడి ఉన్నాయి. తడిక తీస్తే ఒకటే బయటికొస్తుంది. ఎప్పుడూ అదే గొర్రె. నీళ్ళు కావాలన్నా అదో. ఈగ తోలమన్నా అదో. కోడలు శ్రీశైలమ్మ ఆ మాట విన్నప్పుడల్లా పాపం కిటికీ వైపు చూస్తుంది, తలుపు వైపు చూస్తుంది, గోడ మీద వేలాడే ఇంగ్లీషు చక్రవర్తి, మహారాణి బొమ్మ వైపు చూస్తుంది. ఆయన ఏలుబడి రజతోత్సవాలప్పుడు తగిలించారట దాన్ని. ఒకసారైతే శ్రీశైలమ్మ ఆ బొమ్మకు దండం కూడా పెట్టింది, అత్త పెట్టమంటున్నదేమోనని.

గురవమ్మ గొంతు రాచర్ల చుట్టుపక్కల పేరున్న గొంతు. మొగుడు పోయాక సేద్యమూ, గొర్రెల మందా ఆ గొంతుతోనే నడిపింది. ఈ గట్టున నిలబడి, ఆ గట్టున కలుపు తీసేవాళ్ళలో నడుం ఎత్తినవాళ్ళను పేరు పెట్టి పిలిచేది. ఎవరేమడిగినా ముందు లేదు అనడం ఆమె అలవాటు. ఇవ్వదలుచుకున్నదైనా సరే, లేదని చెప్పి, అవతలివాళ్ళు నాలుగడుగులు వేశాక వెనక్కి పిలిచి ఇచ్చేది. అట్లాంటి మనిషి ఇప్పుడు మార్కాపురం ఆసుపత్రిలో, ఆడవాళ్ళ వార్డులో, ఇనుప మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది.

కాళ్ళకు నీరు దిగడం పోయిన కోతల నాటికే మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. కడియాలు బిగుసుకుపోతే తీసి దాచుకుంది, అంతే. ఒకనాడు చేలో నడుస్తూ నడుస్తూ కుడి పక్కకు ఒరిగింది. కొడుకు కొండయ్య గిద్దలూరు దాకా బండిలో, అక్కడి నుంచి రైల్లో తెచ్చాడు. స్టేషన్లో దించుతున్నప్పుడు పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. వాడి మెడ దగ్గర చెమట వాసన తగిలింది. వీడు ఏడుస్తున్నాడా అని చూసింది. ఏడవడం లేదు. మొహం మాత్రం చిన్నప్పుడు జ్వరమొచ్చినప్పటిలా ఉంది.

డాక్టరమ్మ చూసింది. మూత్రపిండాలు చెడ్డాయనీ, దానివల్ల నెత్తురు పోటెక్కి తలలో నరం దెబ్బతిన్నదనీ చెప్పింది. ఉప్పు ముట్టకూడదు, నీళ్ళు కొలిచి తాగాలి, వేళకు అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టాలి, పడిపోయిన చేతికీ కాలికీ పని చెబుతుండాలి అంది. అని, గిద్దలూరు వైపు కలరా లేచిందని కబురొస్తే అక్కడికి వెళ్ళిపోయింది. ఆమె చెప్పినవన్నీ చెయ్యడానికి ఎలీషబా మిగిలింది.

ఎలీషబా అంటే సౌభాగ్యమ్మ కూతురు. సౌభాగ్యమ్మ గురవమ్మ చేలో కలుపు తీసేది. ఎండ నడినెత్తికొచ్చాక ఆ తల్లీ కూతుళ్ళు గట్టు కింద దోసిళ్ళు పట్టి కూర్చుంటే, గురవమ్మ పైనుంచి చెంబుతో నీళ్ళు పోసేది. ఆ పిల్ల దోసిలి చిన్నది. సగం నీళ్ళు మోచేతుల మీదుగా కారిపోయేవి. తర్వాత మిషను బడికి పోయిందన్నారు, ఎక్కడో నర్సు చదువు చదివిందన్నారు. ఇప్పుడు తెల్లచీర కట్టుకుని, చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చి, గురవమ్మ నడుం కింద చెయ్యి దూర్చి, ఒడుపుగా పక్కకు తిప్పుతుంది.

"తిరుగుదాం పెద్దమ్మా. ఒకే పక్కన ఉంటే వీపు పుండు పడతాది."

పెద్దమ్మా. ఊళ్ళో అమ్మా అనేది, తల్లితో పాటు. ఇక్కడికొచ్చాక వరస కలిపింది. నీకు నేను పెద్దమ్మనెట్లయినానే అని అడగడానికి గురవమ్మ దగ్గర మాట లేదు. అడగలేకపోవడం వల్ల ఆ వరస రోజురోజుకూ గట్టిపడుతోంది. అదీ ఆమె కోపం. మనిషి కాదనలేని స్థితిలో ఉన్నప్పుడు ఎవరైనా ఏ వరసైనా కలుపుకోవచ్చు.

ఎలీషబా ఆ చచ్చిన చేతిని కూడా వదలదు. ఎత్తుతుంది, మోచెయ్యి మడుస్తుంది, చాస్తుంది, వేళ్ళు ఒక్కొక్కటే తెరిచి మూస్తుంది. "ఎవరూ పలకరించకపోతే ఇది గూడా మర్చిపోతాది పెద్దమ్మా, తనకొక మనిషి ఉండాదని" అంటుంది. గురవమ్మ చూపు తిప్పుకుంటుంది. తన పక్కలో పడుకున్న ఆ పరాయి వస్తువుతో ఈ పిల్ల తన కళ్ళముందే మంతనాలాడుతున్నట్టు ఉంటుంది.

ఇంకో పని కూడా చేస్తుంది. మూత్రపిండాలు ఎంత చెడ్డాయో చూడటానికి పొద్దున్నే గురవమ్మ మూత్రాన్ని గాజుగొట్టంలో పోసి, కిటికీ దగ్గర స్పిరిట్ దీపం మీద కాస్తుంది. పక్క మంచం సంతోషమ్మకు ఇది పెద్ద తమాషా. సంతోషమ్మది పుల్లలచెరువు అవతల అడివంచు పల్లె. తుంటి ఎముక విరిగి, కాలికి ఇసకసంచీ వేలాడదీస్తే కదలకుండా పడుకుని ఉంది. కదలనిది ఆ కాలొక్కటే.

"అక్కో, నీది పొయ్యి మీదికెక్కింది చూడు" అంది. "మా ఊళ్ళో నీళ్ళు దొరక్క చస్తాంటే ఇక్కడ ఉచ్చ గూడా పారబొయ్యరు, కాస్తారు. నర్సమ్మా, చక్కెర ఎయ్యమంటావా?"

"నీది గూడా కాస్తా ఉండు పెద్దవ్వా" అంది ఎలీషబా తల తిప్పకుండా.

"నాది ఎప్పుడో మరిగిపోయినాది లే."

గొట్టంలో నీళ్ళు కాగుతూ కాగుతూ తెల్లగా విరిగాయి, కోడిగుడ్డు సొన ఉడికినట్టు. ఎలీషబా దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. నిన్నటి కంటే ఎక్కువ విరిగిందని ఆ వీపును చూసే గురవమ్మకు తెలిసింది. తర్వాత వచ్చి మంచం దగ్గర కూర్చుని, గురవమ్మ మోకాటి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కింది. తీసింది. గుంట అట్లాగే నిలబడిపోయింది. పిండిలో వేలు పెట్టినట్టు.

ఆసుపత్రి వెనక రోగుల తాలూకువాళ్ళు వండుకునే పాక ఉంది. ఎవరి పొయ్యి వాళ్ళది. శ్రీశైలమ్మ అక్కడి నుంచి కొర్రన్నం మెత్తగా ఉడికించి, పాలు కలిపి, గిన్నెలో పట్టుకొచ్చింది. ఎలీషబా ఆమెకు ఎదురు నిలబడింది.

"వదినా, ఉప్పేస్తాండావా?"

"లే."

"వదినా."

"లేదంటి గదా. నీ మీద ఒట్టు."

"నా మీదెందుకు, నీ మీద ఏసుకో."

సంతోషమ్మ కిసుక్కున నవ్వింది. శ్రీశైలమ్మ గిన్నె కొంగుతో కప్పుకుంది. ఎలీషబా వేలు ముంచి నాలుక మీద పెట్టుకోబోతే గిన్నె వెనక్కి లాక్కుంది, అంటు అవుతుందని. ఇద్దరూ ఆ గిన్నె కోసం కొంచెంసేపు పెనుగులాడారు.

"ఓ చిటికెడు" అంది చివరికి శ్రీశైలమ్మ. "ఏలు తడిపి అద్దినా. అంతే."

"నేనేం చెప్పినా నీకు?"

"నువ్వు చెప్పినావు. నీకేం, చెప్పి పోతావు. మా మామ పోయిన దినం తిన్నాం మేం చప్పిడి కూడు. పీనుగను దాటిచ్చి వచ్చి, ఉప్పు లేకుండా వండుకోని తిన్నాం. మా ఇండ్లల్లో ఉప్పు మానేసేది ఆ దినమే. బతికుండే మనిషికి ఎట్ల పెట్టేది? రేపు ఏమన్నా అయితే, కోడలు ముందే దినం కూడు తినిపించి పంపించింది అంటారు ఊళ్ళో."

"ఏమన్నా అయితే ఆ చిటికెడుతోనే అయ్యేది. ఉప్పు కడుపులోకి పోయేకొద్దీ నీళ్ళు ఒంట్లోనే నిలబడతాయి. చూడు కాలు. ఆ నీళ్ళు ఊపిరికెక్కినాయంటే నేనేం చేయలేను, డాక్టరమ్మ వచ్చినా చేయలేదు."

గురవమ్మ ఈ మాటలన్నీ వింటోంది. కోడలు ఒక్కతే దోషిలా నిలబడటం ఆమెకు చిత్రంగా ఉంది. ఎందుకంటే ఆ ఉప్పులో తనకూ వాటా ఉంది. మొదటి ముద్ద చప్పగా తగిలినప్పుడు తనే మొహం తిప్పుకుంది. రెండో ముద్దలో ఉప్పు తగిలింది. అత్తా కోడళ్ళ చూపులు కలిశాయి. పెళ్ళై వచ్చిన నాటి నుంచీ ఆ ఇద్దరి మధ్యా రహస్యమంటూ ఉన్నది ఇదొక్కటే. సగం చచ్చిన నోటిలో, ఎడమ చెంప లోపల, ఆ ఉప్పు కరిగేటప్పుడు తను ఇంకా తనే అనిపించేది. ఇప్పుడు దాన్ని ఈ పిల్ల వెతికి పట్టుకుంది.

"నా కళ్ళముందర వండు" అంది ఎలీషబా.

"వండతా. నా చేత్తో మాత్రం ఆ కూడు పెట్టను. పెట్టలేను. నన్ను కొట్టినా సరే."

శ్రీశైలమ్మ వండింది. ఎలీషబా పాక బయట నిలబడి చూసింది. గిన్నె తెచ్చి ముక్కాలిపీట మీద పెట్టి, శ్రీశైలమ్మ వరండాలోకి పోయి గోడకు మొహం పెట్టుకుని కూర్చుంది.

ఎలీషబా చెంచాతో తీసింది. "తెరువు పెద్దమ్మా."

గురవమ్మ పళ్ళు బిగించింది. కోపం కంటే ముందు ఆమెకు కలిగింది ఒక రకమైన సంతోషం. దవడ మాట విన్నది. బిగుసుకోమంటే బిగుసుకుంది. చెంచా పెదవులకు తగిలి, కొర్రన్నం గడ్డం మీదికి కారింది. ఎలీషబా తుడిచి మళ్ళీ పెట్టింది. ఈసారి గురవమ్మ నోట్లోకి రానిచ్చి, ఉన్న బలమంతా కూడగట్టుకుని ఉమ్మింది. తెల్లచీర భుజం మీద పడింది.

ఎలీషబా భుజం చూసుకోలేదు. గురవమ్మ పెదవుల వైపు వంగి చూసింది.

"మళ్ళా ఉమ్ము" అంది.

గురవమ్మకు ఏం చెయ్యాలో తోచలేదు.

"కుడి పక్క పెదివి గూడా లేచింది పెద్దమ్మా. మొన్న లేయలే. ఉమ్మేదానికి బలమొచ్చిందంటే మింగేదానికి గూడా వస్తాది."

ఉమ్మిని కూడా మిగలనివ్వదు ఈ పిల్ల, దాన్ని కూడా వైద్యంలో కలుపుకుంటుంది, అనుకుంది గురవమ్మ. ఇక ఉమ్మడం కూడా మానేసింది.

ఎలీషబా చెంచా పక్కన పెట్టింది. కొంచెం ఆలోచించి, గిన్నెను గురవమ్మ ఎడమ చేతికి దగ్గరగా జరిపింది. "సరే. నా చేత్తో తినొద్దు. నీ కోడలు పెట్టదు. ఈ చెయ్యి బాగుండాది గదా, నీ చేత్తో నువ్వే తిను. నా చెయ్యి నీకు అంటదు, ఆమెకు పాపం అంటదు."

ఎడమ చేత్తో. గురవమ్మ ఆ చెయ్యి దుప్పటి కిందికి లాక్కుంది. ఎడమ చెయ్యి చేసే పని వేరు. అది చెరువుగట్టు దగ్గరి పని. దాన్ని కంచం దగ్గరికి రానివ్వకపోవడం ఆమె ఎప్పుడు నేర్చుకుందో ఆమెకే తెలియదు, ఊపిరి తీసుకోవడం నేర్చుకున్నప్పుడే అయ్యుంటుంది. కొండయ్య పసివాడుగా ఉన్నప్పుడు ఎడమ చెయ్యి ముద్దలో పెడితే గరిటె కాల్చి చూపించి మాన్పించింది. కులం తప్పినా ఏదో ఒక తంతు ఉంటుంది, మళ్ళీ కలుపుకుంటారు. ఎడమచేత్తో తిన్న మనిషిని ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు, నవ్వుతారు.

అందుకని తినలేదు. ఆ పూటా తినలేదు, తర్వాతి పూటలూ తినలేదు. ఎలీషబా ప్రతిసారీ గిన్నె తెచ్చి అక్కడ పెట్టేది, చల్లారాక తీసుకుపోయేది. బతిమాలేది కాదు. కొలిచిన నీళ్ళు మాత్రం చెంచాతో పెదవుల మధ్య పోసేది. నీళ్ళను గురవమ్మ ఉమ్మలేకపోయేది. ఎంత బిగపట్టినా గొంతు తనంతట తనే మింగేసేది. అట్లా నర్సు చేతి నీళ్ళు మింగిన ప్రతిసారీ తన గొంతు మీద తనకే అసహ్యం వేసేది.

కడుపు ఖాళీ అయ్యేకొద్దీ ఆలోచనలు పొడుగవుతాయి. ఇంతకూ వద్దంటున్నది ఎవరు అని ఆలోచించింది. నోరు కాదు, నోరు అదో అంటుంది. చెయ్యి కాదు. ఈ దుప్పటి కింద, ఉబ్బిన మాంసంలో, ఎక్కడో ఒక గింజంత చోట ఇంకా ఒక గురవమ్మ కూర్చుని వద్దంటోంది. ఆ గింజ పోతే ఇక మిగిలేదంతా మోసుకుపోవడానికే పనికొస్తుంది. అందుకని దాన్ని పట్టుకుంది. అది తనను ఎక్కడికి తీసుకుపోతుందో తెలిసే పట్టుకుంది.

కొండయ్య పొద్దుటి రైలుకు వచ్చాడు. శ్రీశైలమ్మ ఎవరితోనో కబురు పంపింది. వస్తూనే తల్లి కాళ్ళ దగ్గర నిలబడి, ఆ ఉబ్బునూ, లోపలికి పోయిన కళ్ళనూ చూసి, పెళ్ళాం వైపు తిరిగాడు.

"తిండి మానేసి ఎన్నాళ్ళయింది?"

"ఆ నర్సమ్మనడుగు."

అతను అడగలేదు. తువ్వాలు మూట విప్పాడు. ఉడకేసిన చెనిక్కాయలు. ఉప్పునీళ్ళలో ఉడికి, తొక్క నల్లబడి, వాసన వార్డంతా నిండింది. గురవమ్మ నోట్లో నీళ్ళూరి కుడి పెదవి మూలనుంచి కారాయి. ఇవంటే తనకు ప్రాణమని వాడికి గుర్తుంది. కొండయ్య మంచం మీద కూర్చుని, ఒక కాయ వొలిచి, పప్పును వేళ్ళతో మెత్తగా చిదిమి, నోటి దగ్గరికి తెచ్చాడు.

"తినమ్మా. మన చేనివే. నీళ్ళు లేకపోయినా ఆ మూల మడి మాత్రం కాసింది."

గురవమ్మ నోరు తెరిచింది.

చెనిక్కాయ బదులు ఒక అరచెయ్యి వచ్చి ఆమె నోరు మూసింది. సబ్బు వాసన, దాని కింద ఫినాయిలు వాసన. ఎలీషబా ఎటునుంచి వచ్చిందో ఎవరూ చూడలేదు. మంచం మీదుగా వంగి, గురవమ్మ నోటికి అడ్డంగా చెయ్యి పెట్టి నిలబడింది. కొండయ్య వేళ్ళు ఆ చేతి వెనక్కి తగిలి ఆగిపోయాయి.

"చెయ్యి తియ్యి" అన్నాడు కొండయ్య మెల్లగా.

"తియ్యను అన్నా."

"ఎవరికి అన్నను నేను? మా అమ్మ నోరు మూసేంత దానివైనావా? మీ అమ్మ మా గట్టు కింద కూసోని—"

"కూసుంది. నేను గూడా కూసున్నా. నీళ్ళు తాగినాం. నువ్వు ఆ చెనిక్కాయ మూటలో పెట్టు, నేను చెయ్యి తీస్తా."

గురవమ్మ ఆ అరచేతి కింద ఊపిరి పీల్చింది. ఆ చెయ్యి వణుకుతోంది. బయటికి కనిపించనంత సన్నగా, తన పెదవులకు మాత్రమే తెలిసేటట్టు వణుకుతోంది. తన జీవితంలో తన నోరు మూసినవాళ్ళు లేరు. మొగుడు కూడా ప్రయత్నించలేదు. కరవాలనుకుంది. పళ్ళు కదిలాయి కూడా. కానీ ఆ వణుకు ఆమెను ఆపింది. భయపడుతూ కూడా తియ్యదేమిటి, ఈ పిల్ల.

కొండయ్య చెనిక్కాయను తువ్వాల్లో పడేశాడు. ఎలీషబా చెయ్యి తీసింది. చీరకు తుడుచుకోలేదు.

"ఉప్పు నీళ్ళల్లో ఉడికినాయి అవి" అంది. "అవి తింటే ఇంకా ఉబ్బుతాది."

"తినకపోతే?" అన్నాడు కొండయ్య. "తినని మనిషిని ఇక్కడ పెట్టుకోని ఏం చేస్తావు? ఎండబెడతావా? ఇంట్లో అయితే తింటాది."

"తింటాది. ఏం తింటాదో నాకు తెలుసు."

"ఏందైనా కానీ. అడిగింది పెడతాం. మా అమ్మ మా ఇంట్లో, మనుషుల మధ్య ఉంటాది. ఇట్ల పరాయోళ్ళు తిప్పుతాంటే తిరగాల్సిన ఖర్మ మాకేం. శ్రీశైలం, సర్దు. జట్కా ఉండాది బయట, మాపటేల రైలుకు పోదాం."

"దావలోనే ఊపిరి ఆడకపోతే?"

"పోతే మా చేతుల్లో పోతాది."

ఎలీషబా మంచానికి అడ్డం తొలగింది. తర్వాత అంది. "తీస్కపో. ఆపేదానికి నేనెవర్ని. ఆమెను అడిగి తీస్కపో."

కొండయ్య తల్లి మొహం మీదికి వంగాడు. గొంతు మెత్తబడింది. "అమ్మా. ఇంటికి పోదామా?"

అందరూ చూస్తున్నారు. గురవమ్మ లోపల మాటలన్నీ తడిక దగ్గరికి తోసుకొచ్చాయి. ఆమె గట్టిగా పట్టుపట్టింది, ఆ ఒక్కదాన్నీ వెనక్కి నెట్టి ఇంకోదాన్ని ముందుకు లాగాలని చూసింది. నుదుటి మీద చెమట పట్టింది. నోరు తెరుచుకుంది.

"అదో."

"చూడు, తలుపు చూపిస్తాంది" అన్నాడు కొండయ్య.

"నిన్న ఈగ వాలితే గూడా అదే అనింది నాయనా" అంది పక్కమంచం నుంచి సంతోషమ్మ. "ఆ లెక్కన ఈగను గూడా జట్కాలో ఎక్కించుకోని పో."

"నువ్వు నోరు ముయ్యవ్వా."

"నాకు పనిజేసేది అదొక్కటే గదా నాయనా, అది గూడా ముయ్యమంటే ఎట్ల?"

కొండయ్య జట్కావాడితో మాట్లాడటానికి బయటికి పోయాడు. శ్రీశైలమ్మ మంచం కింది మూటలు లాగి, చీరలు మడతపెట్టసాగింది. ఆమె మొహంలో బరువు దిగిన తేలిక కనిపించింది. ఇంటికి పోతే చెయ్యి నిండా ఉప్పు వేసి పెట్టొచ్చు. ఎలీషబా పొద్దుటి గిన్నెను తియ్యకుండా అక్కడే వదిలేసి, కిటికీ దగ్గరికి పోయి గాజుగొట్టం కడుగుతోంది. కడిగిందాన్నే మళ్ళీ కడుగుతోంది.

గురవమ్మ ఇల్లు చూసింది. కళ్ళు మూసుకోకుండానే చూసింది. వసారాలో మంచం వేస్తారు. కుడి చేతికి పావురం నెత్తురు రుద్దుతారు. ఊరి ఆడవాళ్ళు వచ్చి చుట్టూ కూర్చుంటారు. ఎట్లాంటి మనిషి, ఎంత గొంతు, అంటారు, ఆమె వింటుండగానే. ఏది అడిగితే అది పెడతారు. అడగకపోయినా పెడతారు. ఊరగాయ పెడతారు, ఎండుచేప పెడతారు, ఏదో ఒకటి తిననీ పాపం అంటారు. ఎవరూ వద్దనరు. వద్దనడానికి ఎవరికీ మనసు రాదు.

అక్కడ ఆమె ఆలోచన ఆగింది. ఎవరూ వద్దనరు. పోయేవాళ్ళకు ఎవరూ దేన్నీ లేదనరు. తన మొగుడు పోయేముందు కల్లు అడిగితే తనే తెప్పించి పోసింది. అంతకుముందు ఎన్నడూ పొయ్యనిది. ఆ రోజు ముంత అందిస్తుంటే ఆయన తన మొహంలోకి చూసిన చూపు ఇప్పుడు అర్థమైంది. కల్లు అందగానే ఆయనకు తెలిసిపోయింది.

కొండయ్య చెనిక్కాయ తెచ్చాడు. వాడి ప్రేమ అబద్ధం కాదు. చిదిమిన పప్పు మీద వాడి వేలిముద్రలున్నాయి. కానీ వాడు తెచ్చింది ఆ ముంతే. వాడు మోసుకుపోతానంటున్నది తల్లిని కాదు, తల్లి చావును, పద్ధతిగా, మనుషుల మధ్య జరగవలసిన ఒక పనిని. ఈ వార్డులో తనకు లేదని చెబుతున్న మనిషి ఒక్కతే ఉంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టి మరీ చెబుతోంది. ఇంకా రేపు ఎల్లుండి ఉండబోయేవాళ్ళకే ఎవరైనా లేదని చెబుతారు. తను జీవితమంతా ఊళ్ళో వాళ్ళకు చెప్పిన మాట అది, కానీ అవతలివాళ్ళు రేపూ ఉంటారని లెక్కగట్టే లేదంటున్నానని ఎన్నడూ అనుకోలేదు.

ఆ పిల్ల మీద ప్రేమేమీ పుట్టలేదు. పెద్దమ్మా అనే పిలుపు ఇప్పుడు కూడా గుచ్చుకుంటూనే ఉంది. బాగైతే ముందు ఆ వరసే తేల్చాలనుకుంది. అనుకున్నాక, బాగైతే అన్న మాట తన లోపల ఎక్కడి నుంచి లేచిందా అని ఆశ్చర్యపోయింది. తినకుండా ఉండటమూ పోవడానికే, ఇంటికి పోవడమూ పోవడానికే. గింజంత గురవమ్మ ఇన్నాళ్ళూ వద్దు వద్దంటూ వచ్చింది, అనకూడని మనిషితో.

"అత్తా, చెయ్యెత్తు, రైక తొడుగుతా" అంది శ్రీశైలమ్మ వంగి.

గురవమ్మ చెయ్యెత్తలేదు. ఎడమ చెయ్యి దుప్పటి కింది నుంచి బయటికి తీసింది. మంచం అంచు మీదుగా ముక్కాలిపీట వైపు చాచింది. అందలేదు. భుజం కొంచెం జరిపితే ఆ చచ్చిన పక్క బరువు వెనక్కి లాగింది. ఎలీషబా కిటికీ దగ్గర తిరిగి చూసింది. సాయానికి రాలేదు. రావాలన్నట్టు ఒక అడుగు వేసి ఆగిపోయింది.

"ఏం గావాలత్తా? నీళ్ళా?"

వేళ్ళు గిన్నె అంచును పట్టుకున్నాయి. పీట మీద గిన్నె గరగరమంటూ జరిగి మంచం పట్టెకు ఆనింది. కొండయ్య తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వెనక జట్కావాడు తొంగి చూస్తున్నాడు.

"అమ్మా" అన్నాడు కొండయ్య. "ఆ చెయ్యి కాదమ్మా."

సంతోషమ్మ మోచెయ్యి ఆనించి తల ఎత్తి చూసింది.

గురవమ్మ కొడుకు వైపే చూస్తూ ఎడమ చెయ్యి గిన్నెలో పెట్టింది. కొర్రన్నం చల్లారి గడ్డకట్టి ఉంది. ముద్ద చెయ్యడం ఆ చేతికి తెలియదు. ఒకసారి జారింది, ఇంకోసారి వేళ్ళ సందుల్లోంచి పోయింది. మూడు వేళ్ళకు అంటుకున్నంత మటుకు ఎత్తింది. సగం గడ్డం మీద పడింది, మిగిలింది నోట్లోకి పోయింది. చప్పగా, తడిసిన చెక్కలాగా, ఏ రుచీ లేకుండా ఉంది. ఎడమ పళ్ళ మధ్య పెట్టుకుని చాలాసేపు నమిలింది. మింగింది. తర్వాత చెయ్యి మళ్ళీ గిన్నెలో పెట్టింది.